మూడ్ డిజార్డర్ల జన్యువులు, ఊపిరితిత్తుల జబ్బులు: పరిశోధనలో చేరే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

"గాలి సోకింది" అంటే మనసు అదుపు తప్పిందని, "గాలి ఆడటం లేదు" అంటే ఊపిరి అందడం లేదని మన వాడుక. రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషి గురించి వినిపిస్తాయి. ఆసుపత్రిలో మాత్రం ఒకటి మానసిక వైద్య విభాగం, ఇంకొకటి ఛాతీ వైద్య విభాగం. మధ్యలో పొడవైన వరండా. పరిశోధనలో చేరబోయే కుటుంబాలకు సమ్మతి పత్రాలు చదివి వినిపిస్తూ నేను కొన్నేళ్లు ఆ వరండాలో తిరిగాను. అక్కడ పదే పదే విన్న ప్రశ్నలు ఇవి. మందుల విషయంలో నిర్ణయాలు మీ వైద్యులతో మాట్లాడే తీసుకోండి. ఇది చదివి ఏ మందూ మానకండి, ఏ మందూ మొదలుపెట్టకండి.

మూడ్ డిజార్డర్ అంటే కోపిష్టి స్వభావమా?

కాదు. "ఇవాళ మూడ్ బాగోలేదు" అని తేలిగ్గా అంటుంటాం కాబట్టి ఈ పొరపాటు జరుగుతుంది. ఇక్కడ చెబుతున్నది వారాల తరబడి మనిషిని పట్టుకునే జబ్బు గురించి. డిప్రెషన్‌లో కనీసం రెండు వారాలు, దాదాపు రోజంతా, మనిషి కుంగిపోయి ఉంటారు లేదా దేని మీదా ఆసక్తి లేకుండా పోతారు. నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటాయి. బైపోలార్ డిజార్డర్‌లో ఈ కుంగుబాటుతో పాటు దానికి పూర్తిగా ఎదురైన దశ కూడా వస్తుంది. నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, మాటలు ఆగవు, చేతిలో లేని డబ్బు ఖర్చవుతుంది, తాను ఏదైనా చేయగలనన్న నమ్మకం పొంగుతుంది. అదే మ్యానియా. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో సుమారు 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురయ్యారు. ఆ 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు.

ఊపిరితిత్తుల జబ్బుకూ దీనికీ ఏమిటి సంబంధం?

చాలా దారుల్లో ఉంది. అన్నింటికంటే కంటికి కనిపించేది పొగ. బైపోలార్, డిప్రెషన్ ఉన్నవారిలో పొగ తాగేవారు మిగతావారికంటే ఎక్కువ, మానడమూ వారికి ఎక్కువ కష్టం. అందుకే సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి ఆయాసం తగ్గకుండా ఉండిపోయే జబ్బు, వారిలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండోది ఆయాసమే. పది అడుగులు వేస్తే ఊపిరి అందని మనిషి గుడికి వెళ్లడం మానేస్తారు, పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, చివరికి గడప దాటరు. దిగులు అలా మొదలవుతుంది. దిగులు పట్టిన మనిషి ఇన్‌హేలర్ సరిగ్గా వాడరు, ఆయాసం పెరుగుతుంది. ఈ సుడిగుండంలో పడిన పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను. "వయసు మీద పడింది" అని అందరూ సరిపెట్టుకుంటారు.

మూడోది మందులు. దాని గురించి కింద విడిగా రాశాను, తప్పక చదవండి.

నాలుగోది జన్యువులు. ఉబ్బసానికీ డిప్రెషన్‌కూ కొంత ఉమ్మడి జన్యు నేపథ్యం ఉందని పెద్ద అధ్యయనాల్లో కనిపించింది. 15వ క్రోమోజోము మీద మెదడులో నికోటిన్ అతుక్కునే గ్రాహకాలను తయారుచేసే జన్యువుల గుంపు ఒకటి ఉంది. 2008లో మూడు బృందాలు ఊపిరితిత్తుల క్యాన్సర్, పొగ వ్యసనాల కారణాలను వెతుకుతూ వేర్వేరు దారుల్లో అక్కడికే చేరాయి. అక్కడి ఒక జన్యు మార్పు ఉన్న పొగరాయుళ్లు రోజుకు ఎక్కువ సిగరెట్లు తాగుతారని తేలింది, సీఓపీడీతోనూ దానికి సంబంధం కనిపించింది. అంటే మెదడులో ఒక వ్యసనాన్ని గట్టిపరిచే జన్యువు ఊపిరితిత్తుల జబ్బుగా బయటపడుతోంది. ఏ విభాగం వైద్యులు దీన్ని తమదిగా చూడాలి?

వీటికి చరిత్ర కూడా ఉంది. డిప్రెషన్‌కు మొదటి మందుల్లో ఒకటి పుట్టింది టీబీ వార్డులోనే. 1952లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనయాజిడ్ అనే మందు ఇచ్చారు. మంచం పట్టిన మనుషులు నవ్వడం, తిరగడం, అన్నం అడగడం మొదలుపెట్టారు. ఆ ఉత్సాహాన్ని దుష్ప్రభావంగా కొట్టిపారేయకుండా, 1957 నాటికి దాన్ని డిప్రెషన్‌కు వాడారు. తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తోందని మానేశారు కానీ, మనసు జబ్బుకు మందు ఉంటుందన్న నమ్మకం అక్కడ బలపడింది.

మా నాన్నకు బైపోలార్ ఉంది. నాకూ వస్తుందా?

ఈ ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగరు. తల్లి బయటికి వెళ్లాక కొడుకో కూతురో తలుపు దగ్గర ఆగి అడుగుతారు. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బైపోలార్ మామూలు జనాభాలో సుమారు నూటికి ఒకరికి వస్తుంది. తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఒకరికి ఉంటే అది నూటికి 5 నుంచి 10 మంది వరకు పెరుగుతుంది. పెరిగింది, నిజమే. కానీ అదే లెక్కను ఇటునుంచి చూడండి: అలాంటి నూరుమంది పిల్లల్లో 90 మందికి పైగా ఈ జబ్బు రాదు. అచ్చంగా ఒకే జన్యువులు పంచుకున్న కవలల్లో కూడా, ఒకరికి బైపోలార్ ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం సుమారు 40 శాతమే. ఒకే రక్తం, ఒకే గర్భం, అయినా సగానికి పైగా తప్పించుకుంటున్నారు. నిద్ర, మత్తు పదార్థాలు, బాల్యంలో పడిన దెబ్బలు, ఇంకా మనం కొలవలేని ఎన్నో కలిసి నిర్ణయిస్తాయి.

"బైపోలార్ 60 నుంచి 85 శాతం వంశపారంపర్యం" అని ఎక్కడో చదివి వచ్చి నా ముందు ఏడ్చిన అమ్మాయి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సంఖ్య ఆమెకు జబ్బు వచ్చే అవకాశం కాదు. జనాభా మొత్తంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో జన్యువుల వాటా ఎంత అన్నదే ఆ లెక్క. ఈ రెండింటినీ కలిపేసి రాసే వార్తలు ఇళ్లలో ఎంత భయం పుట్టిస్తాయో రాసేవారికి తెలియాలి.

మీ కుటుంబంలో ఈ జబ్బు ఉంటే చేయదగినవి కొన్ని ఉన్నాయి. నిద్ర చెడకుండా చూసుకోండి, గంజాయి జోలికి పోకండి. కుంగుబాటు వస్తే మానసిక వైద్యులకు "మా నాన్నకు బైపోలార్" అని మొదటి రోజే చెప్పండి, ఎందుకంటే డిప్రెషన్ మందును విడిగా ఇస్తే కొందరిలో మ్యానియా మొదలవుతుంది. ఈ ఒక్క మాట దాచడం వల్ల దెబ్బతిన్న జీవితాలు ఉన్నాయి.

ఆ జన్యువు పేరేమిటి? పరీక్ష చేయించుకోవచ్చా?

ఒక్క జన్యువు లేదు. ఉందనుకుని శాస్త్రవేత్తలే చాలాకాలం దారి తప్పారు. 1987లో అమెరికాలో పాత పద్ధతుల్లో, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ జీవించే ఆమిష్ అనే క్రైస్తవ సమాజంలో ఒక పెద్ద కుటుంబాన్ని పరిశీలించి, బైపోలార్ జన్యువు 11వ క్రోమోజోము మీద ఉందని ప్రకటించారు. ప్రపంచమంతా పండగ చేసుకుంది. రెండేళ్లకు అదే వంశంలో మరికొందరిని కలిపి, అప్పటిదాకా ఆరోగ్యవంతులుగా లెక్కించినవారిలో కొత్తగా జబ్బు బయటపడినవారిని చేర్చి చూస్తే ఆ సంబంధం కరిగిపోయింది. 2003లో మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనాన్ని మోసే ప్రోటీన్ జన్యువులో ఒక పొట్టి రూపం ఉన్నవారికి కష్టాలు వచ్చినప్పుడు డిప్రెషన్ ఎక్కువ వస్తుందని ఒక అధ్యయనం చెప్పింది. దాని మీద వందల పరిశోధనలు జరిగాయి. 2019లో లక్షల మంది డేటాతో అలాంటి 18 పేరున్న జన్యువులను పరీక్షిస్తే, ఏ లెక్కా లేకుండా ఎంచుకున్న జన్యువులకంటే అవి మెరుగ్గా ఏమీ కనిపించలేదు.

ఈ ఓటముల వల్లే ఇప్పటి పద్ధతి వచ్చింది. ఒక జన్యువును ముందే అనుమానించకుండా జన్యు పటం మొత్తాన్ని, వేలమందిలో కాకుండా లక్షల మందిలో వెతకడం. 2025 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చిన బైపోలార్ అధ్యయనంలో జబ్బు ఉన్నవారే 1,58,036 మంది. లేనివారు 28 లక్షలు. అందులో 298 చోట్ల జన్యు తేడాలు దొరికాయి. ఒక్కొక్కటి మోసే బరువు ఆవగింజంత. అరుదుగా బలమైనవీ ఉన్నాయి: ఏకేఏపీ11 అనే జన్యువు పనిచేయకుండా పోతే బైపోలార్ ముప్పు చాలా పెరుగుతుందని 2022లో తేలింది. అయితే అలాంటి మార్పు ఉన్నవారు చాలా కొద్దిమంది.

కాబట్టి మీకు బైపోలార్ వస్తుందో రాదో చెప్పే రక్త పరీక్ష ఈరోజు ఏ ల్యాబులోనూ లేదు. ఉందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఉమ్మి పంపితే ఇంటికి నివేదిక పంపే కిట్లకూ ఇదే జవాబు.

మూడ్ డిజార్డర్ల వైద్యంలో నిజంగా ఉపయోగపడుతున్న జన్యు పరీక్ష ఒకటి చెప్పగలను. కార్బమజెపీన్ అనే మూడ్ స్టెబిలైజర్ (మనసు ఊగిసలాటను అదుపులో ఉంచే మందు) కొందరిలో ఒళ్లంతా చర్మం ఊడిపోయే ప్రాణాంతక ప్రతిచర్య తెస్తుంది. ఆసియా వాసుల్లో దానికి హెచ్‌ఎల్‌ఏ-బీ 1502 అనే జన్యు రూపంతో గట్టి సంబంధం ఉంది. ఆ మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష గురించి అడగండి.

ఊపిరితిత్తుల జబ్బుల్లో మాత్రం ఒకే జన్యువు ఉంటుందంటారు కదా?

కొన్నింటిలో. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు కారణం 7వ క్రోమోజోము మీది సీఎఫ్‌టీఆర్ జన్యువు. 1989లో దాన్ని పట్టుకున్నారు. 2012లో ఆ జన్యు లోపం వల్ల చెడిన ప్రోటీన్‌ను పనిచేయించే మొదటి మందు ఐవాకాఫ్టర్ వచ్చింది. జన్యువు దొరకడానికీ మందు రావడానికీ మధ్య 23 ఏళ్లు పట్టిందన్నది గుర్తుంచుకోండి. "మీ పరిశోధన ఫలితం వచ్చే ఏడాదికి వస్తుందా" అని అడిగేవారికి నేను ఈ లెక్కే చెబుతాను. ఊపిరితిత్తులను కాపాడే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ లోపాన్ని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే వైద్యులు గుర్తించారు. ఆ లోపం ఉన్నవారికి చిన్న వయసులోనే ఊపిరితిత్తులు పాడయ్యే ముప్పు ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్‌లో మక్5బీ అనే జన్యువు దగ్గరి మార్పు 2011లో బయటపడింది.

మన దగ్గర ఎక్కువగా చూసే సీఓపీడీ, ఉబ్బసం మాత్రం మూడ్ డిజార్డర్ల లాంటివే. ఎన్నో జన్యువులు, వాటి మీద జీవితం. పరిశోధకులు "పొగ తాగుతారా" అని అడిగితే మన ఆడవాళ్లు లేదంటారు, అది నిజం కూడా. కానీ ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నారు. పొగతాగని వారిలో సీఓపీడీ గురించి 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో రాసినవారిలో పుణె వైద్యుడు సందీప్ సాల్వీ ఒకరు. శ్రీకాకుళం ప్రాంతపు పల్లెల్లో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే వృద్ధ స్త్రీలూ ఉన్నారు. వాళ్లు సిగరెట్ అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. ప్రశ్న ఎలా అడిగామన్నదాన్ని బట్టి జన్యు పరిశోధన లెక్కే తారుమారవుతుంది.

మాది మేనరికం. దానివల్లే వచ్చిందా?

సిస్టిక్ ఫైబ్రోసిస్ లాంటి జబ్బులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న ప్రతులు వస్తేనే బయటపడతాయి. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఆ ముప్పు పెరుగుతుంది. బైపోలార్, డిప్రెషన్ అలా ఒకే జన్యువు వల్ల వచ్చేవి కావు. మేనమామను చేసుకున్నందుకే కొడుకుకు ఇలా అయిందని ఒక తల్లి జీవితాంతం తనను తాను నిందించుకోవడానికి ఆధారం లేదు.

విదేశాల్లో లక్షల మందిని చూశారు కదా, మళ్లీ మా రక్తం ఎందుకు?

ఎందుకంటే ఆ లక్షల్లో మనం లేం. పైన చెప్పిన 2025 బైపోలార్ అధ్యయనంలో ఐరోపా, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో వంశాల వారు ఉన్నారు. దక్షిణాసియా విడిగా లేదు. ఒక జనాభాలో లెక్కగట్టిన జన్యు ముప్పు స్కోరు ఇంకో జనాభాలో సరిగ్గా పనిచేయదు. రేపు ఆ స్కోర్ల ఆధారంగా మందులు ఎంచుకునే రోజు వస్తే, మన పిల్లలకు వేరేవారి కొలతలతో కుట్టిన చొక్కా తొడిగినట్టు అవుతుంది.

ఇంకో కారణం మన సమాజ నిర్మాణం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం ప్రకారం, పరిశీలించిన దక్షిణాసియా సముదాయాల్లో 81 సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయి. ఆ ప్రభావం వాటిలో ఫిన్లండ్ వాసుల్లో కంటే బలంగా ఉంది. కులం లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన ఫలితం ఇది. అందుకే కొన్ని మార్పులు ఒక్కో సముదాయంలో పోగుపడ్డాయి. మన వైశ్య కుటుంబాల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం వల్ల శస్త్రచికిత్సలో ఇచ్చే ఒక కండర సడలింపు మందు పడదని మత్తు వైద్యులకు తెలుసు. ఇలాంటివి మనసు జబ్బుల్లో, ఊపిరితిత్తుల జబ్బుల్లో ఏమున్నాయో మనలో వెతికితేనే తెలుస్తుంది. జీనోమ్ ఇండియా అనే జాతీయ ప్రాజెక్టు కింద 10 వేల మంది జన్యు పటాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. బెంగళూరులో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ కలిసి ఒకే ఇంట్లో పలువురికి తీవ్ర మానసిక వ్యాధులున్న కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నాయి.

చేరితే నా జబ్బు తగ్గుతుందా?

జన్యు అధ్యయనంలో చేరినందువల్ల తగ్గదు. ఇది సూటిగా చెప్పకపోవడం మోసం. మీరు ఇచ్చేది దానం. ఫలితం మీ తర్వాతివారికి అందవచ్చు, అందకపోవచ్చు. చికిత్స మాత్రం చేరినా చేరకపోయినా ఒకేలా అందాలి. "చేరకపోతే డాక్టరు గారు సరిగ్గా చూడరేమో" అన్న భయంతో సంతకం పెడితే అది సమ్మతి కాదు.

కొత్త మందును పరీక్షించే క్లినికల్ ట్రయల్ వేరు. అక్కడ మందు అందుతుంది, కానీ మీకు కొత్తది వస్తుందా పాతది వస్తుందా అన్నది చీటీ తీసినట్టు నిర్ణయమవుతుంది.

చీటీ తీసి మందు ఇవ్వడం అన్యాయం కాదా?

నాకూ మొదట్లో అలాగే అనిపించేది. ఈ పద్ధతికి పునాది వేసింది ఊపిరితిత్తుల జబ్బే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు అందరికీ సరిపడా లేదు. 107 మంది టీబీ రోగుల్లో 55 మందికి మందు, 52 మందికి అప్పటి చికిత్స అయిన మంచం మీద విశ్రాంతి, ఎవరికి ఏదన్నది ముందుగా సిద్ధం చేసిన మూసిన కవర్లలో. ఆరు నెలలకు మందు తీసుకున్నవారిలో నలుగురు, తీసుకోనివారిలో 14 మంది చనిపోయారు. 1948లో అది అచ్చయ్యాక ఏ వైద్యుడూ అభిప్రాయాల మీద వాదించాల్సిన అవసరం లేకపోయింది.

మన పొరుగున జరిగినది నాకు ఇంకా ఇష్టం. 1956లో మద్రాసులో పేద క్షయ రోగులను కొందరిని శానటోరియంలో (క్షయ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రి), కొందరిని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి అదే మందులు ఇచ్చారు. ఇంట్లో సరైన తిండి, విశ్రాంతి లేకపోయినా మందులు వాడినవారు శానటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో వచ్చిన ఆ ఫలితం వల్ల ప్రపంచమంతటా టీబీ రోగులు ఇంటిని వదలాల్సిన పని తప్పింది. చీటీ పద్ధతి లేకుండా ఆ మాటను ఎవరూ నమ్మేవారు కాదు.

ఏమేం తీసుకుంటారు? నొప్పి ఉంటుందా?

జన్యు భాగానికి కొద్దిగా రక్తం లేదా ఉమ్మి. మనసు భాగానికి గంట, రెండు గంటల ముఖాముఖి. ఊపిరితిత్తుల భాగానికి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా, చివరి గాలి వరకు ఊదడం. తల తిరిగినట్టు అనిపిస్తే ఆగమని చెప్పవచ్చు. చాలామందికి రక్తం కంటే ముఖాముఖియే కష్టం. పాత గాయాలు కదులుతాయి. ఆ రోజు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

ఊపిరితిత్తుల మందులు మనసును దెబ్బతీస్తాయా?

కొన్ని తీస్తాయి. ఇది ఈ పేజీలో అన్నింటికంటే వెంటనే పనికొచ్చే భాగం.

స్టెరాయిడ్ మాత్రలు. ఉబ్బసం, సీఓపీడీ ముదిరినప్పుడు ప్రెడ్నిసొలోన్ ఇస్తారు, ప్రాణం కాపాడుతుంది. అదే మందు నిద్ర పోగొట్టి, కొందరిలో మ్యానియా తెస్తుంది. 1972లో బోస్టన్ పరిశోధకులు చూసినప్పుడు దీని జంట మందు ప్రెడ్నిసోన్‌ను రోజుకు 40 మిల్లీగ్రాముల వరకు తీసుకున్నవారిలో 1.3 శాతం మందికి, 80 దాటినవారిలో 18.4 శాతం మందికి మానసిక లక్షణాలు కనిపించాయి. మా పెద్దమ్మకు ఆయాసానికి పెద్ద మోతాదు ఇచ్చిన నాలుగో రోజు రాత్రంతా పాడుతూ, ఊరందరికీ చీరలు కొంటానంటూ కూర్చుంది. చూసిన ఆసుపత్రిలో ఎవరూ ముందు హెచ్చరించలేదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయత్తు కట్టించారు. మోతాదు తగ్గించాక వారంలో మామూలు మనిషయింది. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ మోతాదు దీనికంటే ఎంతో తక్కువ, ఆ భయంతో ఇన్‌హేలర్ మానకండి.

మాంటెలుకాస్ట్. పిల్లలకు ఉబ్బసం, తుమ్ములకు విరివిగా రాసే మాత్ర. పీడకలలు, చిరాకు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల గురించి 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యున్నత స్థాయి హెచ్చరిక చేర్చింది. పిల్లవాడి తీరు మారితే వైద్యులకు ఆ రోజే చెప్పండి.

మొండి టీబీకి వాడే సైక్లోసెరిన్ కుంగుబాటు, భ్రమలు తేగలదు. టీబీ మందు రిఫాంపిసిన్ చాలా మానసిక మందులను శరీరం నుంచి త్వరగా బయటికి పంపేస్తుంది, అవి పనిచేయనట్టు కనిపిస్తాయి. ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్, బైపోలార్‌కు వాడే లిథియం స్థాయిని రక్తంలో తగ్గిస్తుంది.

ఎదురు దిశలోనూ ప్రమాదం ఉంది. లిథియం వల్ల చేతులు వణికితే ప్రొప్రనొలాల్ రాస్తారు. ఉబ్బసం ఉన్నవారికి అది ఊపిరి బిగబట్టేలా చేయవచ్చు. నిద్రమాత్రలు ముదిరిన సీఓపీడీలో శ్వాసను మందగింపజేస్తాయి.

ఒక కాగితం మీద రెండు విభాగాల మందుల పేర్లూ రాసి, ఏ వైద్యుని దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టండి.

పొగ మానితే మా వాడికి మళ్లీ జబ్బు తిరగబెడుతుందేమో?

ఈ భయంతోనే ఎన్నో ఇళ్లలో బీడీ కట్టలు కొనిస్తారు. 2016లో అచ్చయిన ఈగిల్స్ ట్రయల్‌లో 8 వేలకు పైగా మంది పొగతాగేవారు పాల్గొన్నారు. దాదాపు సగం మందికి మానసిక వ్యాధులు ఉన్నాయి. పొగ మాన్పించే వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్ మందుల వల్ల మానసిక సమస్యలు గణనీయంగా పెరగలేదని తేలింది. అయితే బైపోలార్ ఉన్నవారికి వీటిలో ఏది సరైనదో వైద్యులే చెప్పాలి. ఇంకొకటి: పొగలోని తారు ఒలాంజపైన్, క్లోజపైన్ అనే మానసిక మందులను త్వరగా కరిగిస్తుంది. పొగ ఒక్కసారిగా ఆపితే రక్తంలో ఆ మందు పెరిగి మగత ముంచుకొస్తుంది. ఆయాసంతో ఆసుపత్రిలో చేరినప్పుడు పొగ ఎలాగూ ఆగుతుంది కాబట్టి అప్పుడే మోతాదు గురించి అడగాలి.

మా తరఫున ఇంటి పెద్దో, ఊరి పెద్దో సంతకం పెట్టవచ్చా?

పెట్టకూడదు. తెలుగువాళ్లకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలతో సహా దాదాపు 14 వేల మంది అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో సూదులు వేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. చాలామంది విషయంలో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని విచారణలో తేలింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. జరిగిన మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. ఆ పిల్లల తల్లులను ఎవరూ అడగలేదన్న నిజం మాత్రం అలాగే ఉంది.

పెద్దవారు తమకు తామే సమ్మతించాలి. పిల్లల విషయంలో తల్లి లేదా తండ్రి, ఊహ తెలిసిన పిల్లలైతే వారి అంగీకారం కూడా కావాలి.

మ్యానియాలో ఉన్నప్పుడు పెట్టిన సంతకం చెల్లుతుందా?

మానసిక జబ్బు ఉంది కాబట్టి నిర్ణయం తీసుకోలేరని అనుకోవడం తప్పు. చాలామంది, చాలా రోజులు, చక్కగా తీసుకోగలరు. కానీ మ్యానియా ఉధృతిలో మనిషి దేనికైనా సరే అంటారు, లోతైన కుంగుబాటులో "నాకేమైతే ఏముంది" అంటారు. మంచి బృందం ఆ రోజు సంతకం తీసుకోదు, కుదుటపడ్డాక మళ్లీ పిలుస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 99వ సెక్షన్ స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చే సమ్మతిని తప్పనిసరి చేసింది. సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉన్నవారిని చేర్చాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి కావాలి.

మధ్యలో మానుకోవచ్చా?

ఎప్పుడైనా. కారణం చెప్పనక్కర్లేదు. ఇచ్చిన నమూనాను ధ్వంసం చేయమని అడిగే వీలుందా, అప్పటికే లెక్కల్లో కలిసిన సమాచారం ఏమవుతుంది అన్నవి సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి.

మా అమ్మాయి సంబంధాలు చూస్తున్నాం. ఈ సంగతి బయటికి పొక్కుతుందా?

నమూనా మీద పేరుకు బదులు ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకూ పేరుకూ లంకె ఉన్న జాబితా ఎవరి దగ్గర, ఏ తాళం కింద ఉంటుందో అడిగే హక్కు మీకుంది. నమూనా విదేశానికి వెళుతుందా, వేరే అధ్యయనాలకు వాడతారా, మళ్లీ మిమ్మల్ని అడుగుతారా అన్నది కూడా పత్రంలో ఉండాలి. నూటికి నూరుపాళ్లు గోప్యం అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు, ఎందుకంటే జన్యు పటమే ఒక వేలిముద్ర లాంటిది.

బీమా సంగతి కూడా చాలామంది అడుగుతారు. మానసిక వ్యాధికి శారీరక వ్యాధితో సమానంగా బీమా కల్పించాలని 2017 చట్టం చెబుతోంది. జన్యు వివక్ష మీద మాత్రం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు 2008 నాటి జీనా చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల విషయంలో రక్షణ ఇస్తుంది; జీవిత బీమాకు అది వర్తించదు.

నా ఫలితం నాకు ఇస్తారా?

సాధారణంగా ఇవ్వరు, ఒక్కరి విషయంలో దానికి అర్థం ఉండదు కాబట్టి. వెతుకుతున్నది కాకుండా చికిత్స ఉన్న వేరే జబ్బు జాడ కనిపిస్తే చెప్పాలా వద్దా అని కొన్ని పత్రాలు అడుగుతాయి. ఆ గడి ముందు తొందరపడకండి, జన్యు సలహాదారుతో మాట్లాడాకే టిక్ పెట్టండి.

ఇది నిజమైన పరిశోధనేనని ఎలా తెలుసుకోవాలి?

భారత వైద్య పరిశోధన మండలి 2007లో మొదలుపెట్టిన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్ఐ, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 2009 జూన్ 15 నుంచి మందుల ట్రయల్స్‌ను మొదలుపెట్టే ముందే అందులో నమోదు చేయడం తప్పనిసరి. జన్యు అధ్యయనాలు కూడా చాలా అక్కడ ఉంటాయి. నమోదు సంఖ్య, పరిశోధనలో పాల్గొనేవారి హక్కులను చూసే ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు సమ్మతి పత్రంలో ఉండాలి. మీ దగ్గర డబ్బు అడిగితే అది పరిశోధన కాదు, లేచి వచ్చేయండి. దారి ఖర్చులు వాళ్లు ఇవ్వడం సబబే. మందుల ట్రయల్‌లో హాని జరిగితే ఉచిత వైద్యం, ట్రయల్ వల్లే జరిగిందని తేలితే పరిహారం 2019 నాటి నిబంధనల ప్రకారం మీ హక్కు.

ముఖాముఖి తర్వాత మనసు బాగోలేకపోతే?

పరిశోధన బృందానికి అదే రోజు చెప్పండి. రాత్రి వేళైనా సరే, చనిపోవాలన్న ఆలోచన వస్తే టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆయాసంతో పెదవులు నీలంగా మారుతుంటే, మాట పూర్తి చేయలేకపోతుంటే 108.

మా అమ్మకు చదువు రాదు. ఆమెతో ఎలా చెప్పించాలి?

పత్రాన్ని తెలుగులో పూర్తిగా చదివి వినిపించాలి. బృందంతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. అప్పుడే ఆమె వేలిముద్ర వేయాలి. నేను చదివాక ఎప్పుడూ "అర్థమైందా అమ్మా" అని అడిగేదాన్ని కాదు, అందరూ అయిందనే అంటారు. "మీ చెల్లెలు ఫోను చేసి ఇవాళ ఆసుపత్రిలో ఏం చెప్పారని అడిగితే ఏమంటారు?" అని అడిగేదాన్ని. ఒకసారి ఒక పెద్దావిడ కాసేపు ఆలోచించి, "మా అబ్బాయి జబ్బు సంగతి చూడటానికి నా రక్తం అడుగుతున్నారు, ఇవ్వకపోయినా మందులిస్తారట, వాడికి ఇప్పుడే తగ్గదట" అంది. అప్పుడు స్టాంపు ప్యాడ్ ఆమె ముందుకు జరిపాను.